మందు లేని రోజుల్లో మాస్కు, దూరం నిజంగా పనిచేశాయా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి):
2020 మార్చి 25న కరోనా కట్టడికి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు చార్మినార్ పరిసరాలు నిర్మానుష్యమయ్యాయి. అప్పటికి టీకా లేదు. బడులు, సినిమా హాళ్లు మూసివేయడం వల్ల రోగం తగ్గిందా, కేవలం వాయిదా పడిందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (తార్నాక నుంచి):
వాయిదా కూడా చిన్న ప్రయోజనమేమీ కాదండీ. ఒక్కో రోగి సగటున ఇద్దరికి అంటిస్తే పదో అంచెలో 1,024 మందికి సోకుతుంది. ఆ సగటు 1.5కు తగ్గితే దాదాపు 58 మందికే. కేసులన్నీ ఒకేసారి వచ్చిపడకపోతే ఆసుపత్రి పడకలు, ఆక్సిజన్ అందుతాయి, ఈలోగా టీకా సిద్ధమవుతుంది. మన దేశంలో అది 2021 జనవరి 16న మొదలైంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా సెప్టెంబరు 28న భారీ ఊరేగింపు జరగనిచ్చింది, సెయింట్ లూయిస్ మాత్రం అక్టోబరు తొలినాళ్లలోనే బడులు, థియేటర్లు మూసివేసింది. మరణాల ఉధృతి రెండోచోట చాలా తక్కువ. అయితే నవంబరులో ఆంక్షలు సడలించాక అక్కడా కేసులు మళ్లీ పెరిగాయి.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. ఈ చర్యలన్నిటి ఖరీదూ ఒకటి కాదు. కిటికీలు తెరవడానికి, మాస్కు కట్టుకోవడానికి పెద్దగా ఖర్చు లేదు. లాక్‌డౌన్ మాత్రం రోజుకూలీ పొయ్యి ఆర్పుతుంది. వలస కార్మికుల తొలి ప్రత్యేక రైలు 2020 మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరిందని మరువకూడదు. ఇంటికి రేషన్, నగదు చేర్చకుండా ‘బయటికి రావద్దు’ అంటే ఎవరు వినగలరు?

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. అంచెల లెక్క చూశాక వాయిదా విలువ అర్థమైంది. మా అపార్ట్‌మెంట్ సమావేశ మందిరానికి ఒక్క కిటికీయే ఉంది. ముందు దాని సంగతి చూస్తాను.