స్ప్రింగుకి వేలాడదీసిన బరువు: మిగతా సగం శక్తి ఎటు పోయింది?

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త దారి చూపించండి.

ఒక స్ప్రింగుని కొక్కేనికి తగిలించి, కింద కిలో బరువు కట్టాను. చేత్తో పట్టుకుని మెల్లగా దించితే 5 సెంటీమీటర్లు సాగి ఆగింది. గురుత్వ త్వరణం 10 అనుకుంటే బలం 10 న్యూటన్లు, కాబట్టి స్ప్రింగ్ స్థిరాంకం మీటరుకి 200 న్యూటన్లు. ఇంతవరకు బాగానే ఉంది.

బరువు కిందికి దిగినందుకు కోల్పోయిన స్థితిశక్తి 0.5 జౌల్. స్ప్రింగులో చేరినదేమో, స్థిరాంకాన్ని సాగుదల వర్గంతో గుణించి సగం చేస్తే, 0.25 జౌలే. మిగతా సగం ఏది?

స్ప్రింగు బలం సున్నా నుంచి మొదలై సాగేకొద్దీ పెరుగుతుంది, అందుకే సగటు తీసుకుంటాం, సూత్రంలో ఆ సగం అలా వచ్చింది. ఇది అర్థమైంది. స్ప్రింగుని నొక్కినా ఇదే సూత్రం. నా చిక్కు అక్కడ కాదు.

తర్వాత చేయి ఒక్కసారిగా వదిలేసి ఫోన్‌లో స్లో మోషన్‌ వీడియో తీశాను. బరువు 5 దగ్గర ఆగలేదు. దాదాపు 10 సెంటీమీటర్ల దాకా వెళ్లి, ఒక్క క్షణం నిలబడి, మళ్లీ పైకి లేచింది. 10 దగ్గర లెక్క వేస్తే రెండు వైపులా 1 జౌల్, చక్కగా సరిపోయింది! అంటే 5 దాటేటప్పుడు ఆ తేడా గతిశక్తిగా ఉందన్నమాట.

మరి మెల్లగా దించినప్పుడు వేగమే లేదు కదా? నా చేయి పైకి ఆపుతూ వచ్చింది కాబట్టి ఆ 0.25 జౌల్ చేతికి చేరి వేడిగా మారిందా? వదిలేసినప్పుడు కూడా ఊగి ఊగి చివరికి 5 దగ్గరే ఆగుతోంది. అప్పుడు గాలికీ స్ప్రింగు లోహానికీ పోయేది కూడా సరిగ్గా అంతేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?