దసరా సేల్‌లో క్యాష్ ఆన్ డెలివరీయే క్షేమమా?

గోదారిగట్టు: సేల్ మొదలైంది. ఏం కొన్నా క్యాష్ ఆన్ డెలివరీయే అని ఇంట్లో అందరికీ చెప్పేశాను. వస్తువు చేతికొచ్చాకే డబ్బు. ముందు కట్టేసి తర్వాత లబోదిబోమనడం ఎందుకు? కాదనేవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు పిల్లోడు: కాదంటున్న అన్నా. మా పక్కింట్లకు ఎవరూ బుక్ చెయ్యని పార్సిల్ వచ్చింది. ముసలమ్మ ఒక్కతే ఉండె. పిల్లలు తెప్పించిన్రేమో అనుకొని 600 ఇచ్చి తీస్కుంది. ఇప్పి చూస్తే చిరిగిన చున్నీ. పంపినోని అడ్రస్ లేదు, ఫోన్ కలుస్తలేదు. కార్డు మీద కడితే కనీసం బ్యాంకుల చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన పైసలు వాపస్ ఇప్పియ్యమని అడగొచ్చు. నగదు ఇచ్చినంక ఎవర్నడుగుతవ్?

గోదారిగట్టు: మీరు చెప్పేది బుక్ చెయ్యని పార్సిల్. నేనంటున్నది బుక్ చేసింది. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంది కదా, ఎదురుగా విప్పించి చూశాకే ఓటీపీ చెప్పాలి.

ఓరుగల్లు పిల్లోడు: అన్ని సామాన్లకు ఓపెన్ బాక్స్ యాడున్నది? "సార్, ఇంకా మస్తు పార్సిళ్లున్నయ్, ఓటీపీ చెప్పున్రి" అని మెట్ల కాడికెళ్లే అడుగుతరు.

బెజవాడ లక్ష్మి: వస్తువు చూడకుండా ఓటీపీ చెప్పొద్దు. ఫోన్‌లో అడిగితే అసలే వద్దు.

గోదారిగట్టు: బుద్ధి ఉన్నవాడు మోసపోడండీ! మా నాన్నగారు మిక్సీ వాపసిచ్చి, కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతికారు. దొరికింది దొంగ నంబరు. వాడు క్యూఆర్ కోడ్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, రీఫండ్ పడుతుంది" అన్నాడు. కొట్టేశారు. 18 వేలు! డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పానో.

ఓరుగల్లు పిల్లోడు: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎప్పుడు ఫోన్ చేసిన్రు?

గోదారిగట్టు: ఎక్కడ? నాలుగో రోజు స్టేట్‌మెంట్ చూసి నేనే పట్టుకున్నా. అప్పటిదాకా నోరు విప్పలేదు.

బెజవాడ లక్ష్మి: ఎందుకు విప్పలేదో ఆలోచించారా? మీరు తిడతారని. వెంటనే 1930కి చెబితే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే వీలుంటుంది. నాలుగు ఖాతాలు మారి ఏటీఎంలో తీసేశాక ఏం దొరుకుతుంది?

గోదారిగట్టు: బావుంది! దొంగని వదిలేసి నన్నంటారేంటి? మా ఇంటి సంగతి మీకేం తెలుసు?

ఓరుగల్లు పిల్లోడు: "బుద్ధి ఉన్నోడు మోసపోడు" అని నువ్వే రాసినవ్ గదన్నా. ఆ మాట ఇంట్ల పెద్దాయన రోజూ వింటే ఇగ ఏం చెప్తడు? ఆర్‌బీఐ 2017ల నిబంధన పెట్టింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే, 3 పనిదినాలల్ల బ్యాంకుకు చెప్తే నష్టం మనకు పడదు. మన అజాగ్రత్తే అయినా, చెప్పినంక పోయేది బ్యాంకుదే. అంటే జల్దీ చెప్పుడే ముఖ్యం. సిగ్గుపడేటోడు చెప్పడు.

పాలమూరు రాజు: క్యాష్ ఆన్ డెలివరీ సంగతి ఏమాయె?

గోదారిగట్టు: గట్టిగా చెప్పకపోతే జాగ్రత్త రాదు, నా మాట అదే. ఆయన ఫోన్‌లో యూపీఐ తీసేశాను, గొడవ వదిలింది.

బెజవాడ లక్ష్మి: ఇక మందులకీ మిమ్మల్నే అడగాలా ఆయన? వేరే ఖాతా తెరిచి, అందులో రెండు మూడు వేలే ఉంచి, దానికే యూపీఐ పెట్టండి. పోయినా అంతవరకే పోతుంది. తీసేసేముందు ఆయన్ని అడిగారా?

గోదారిగట్టు: అడగలేదు. ఖాతా సంగతి చూస్తాను. తిట్టడం మాత్రం తప్పంటే ఒప్పుకోను.