ఒకే మనిషికి రెండు వాయిద్యాలు రాయడం సబబేనా?

సాగర్‌నగర్ స్కోరు: ఒక నృత్యనాటకానికి ముప్పై మంది ఆర్కెస్ట్రాతో సంగీతం రాస్తున్నాను. వైజాగ్‌లోనే, ఏసీ హాల్లో ప్రదర్శన. వుడ్‌విండ్‌కి (ఫ్లూట్, క్లారినెట్ లాంటి ఊదే వాయిద్యాలకి) నలుగురే: ఇద్దరు ఫ్లూట్, ఇద్దరు క్లారినెట్. రెండో ఫ్లూట్‌కి పికోలో (ఇంకా పై స్థాయిలో పలికే బుల్లి ఫ్లూట్), రెండో క్లారినెట్‌కి బేస్ క్లారినెట్ (కింది స్థాయిలో పలికే పెద్ద క్లారినెట్) కూడా ఇద్దామని నా ఆలోచన. కండక్టర్ గారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

గాజువాక గమకం: ఆయన మాటే రైటు. రెండూ అంతంతమాత్రంగా వాయించేవాడికన్నా ఒకటి బాగా వాయించేవాడు నయం. పికోలో ముక్క కీబోర్డు మీద సర్దేయండి.

పాత బ్యాండు మనిషి: కీబోర్డు సినిమా బీజీఎంలో చెల్లుతుంది. స్టేజీ మీద అందరి శబ్దం ఒకవైపు, పికోలో ఒక్కటీ స్పీకర్లోంచి వస్తే చెవికి ఇట్టే దొరికిపోతుంది. 1893లో వచ్చిన చెక్ స్వరకర్త ద్వోర్జాక్ న్యూ వరల్డ్ సింఫనీలో పికోలో ఉండేది కాసేపే, అదీ ఫ్లూటిస్టే ఫ్లూట్ దించి వాయిస్తాడు. కాబట్టి ఇది తప్పేమీ కాదు. ఎలా రాస్తారన్నదే అసలు సంగతి.

బార్లు (తాళం ఆవర్తాలు) లెక్కపెట్టకండి, సెకన్లు లెక్కపెట్టండి. నాలుగు బీట్ల తాళంలో ఎనిమిది బార్ల విరామం చూడ్డానికి చాలా పెద్దది. టెంపో నిమిషానికి 160 బీట్లు అయితే అది 12 సెకన్లే! ఆ 12 సెకన్లలో ఫ్లూట్ దించి పికోలో అందుకోవచ్చు. బేస్ క్లారినెట్ అలా కాదు. కింద పెగ్ మీద నిలబడే వాయిద్యం, దగ్గరికి లాక్కుని నోటికి సరిచూసుకోవాలి, రీడు (నోటి దగ్గర కంపించే పలుచటి పుల్ల) ఆరిపోయి ఉంటే తడుపుకోవాలి. సరిగ్గా అక్కడే పేజీ తిప్పాల్సి వస్తే ఇక ఆ మనిషి టెన్షన్ చెప్పక్కర్లేదు. ‘పికోలోకి మారాలి’ అన్న మాట కూడా పికోలో మొదలయ్యే చోట కాదు, ఫ్లూట్ ఆఖరి స్వరం పక్కనే రాయండి.

గాజువాక గమకం: శ్రుతి సంగతి? ఏసీలో అరగంట స్టాండు మీద చల్లారిన వాయిద్యం తీస్తే కిందికే పలుకుతుంది.

పాత బ్యాండు మనిషి: నిజమే. లోపలి గాలి ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 3 సెంట్లు దిగుతుంది. అర్ధస్వరం అంటే 100 సెంట్లు. అయిదారు డిగ్రీలకే తేడా తెలిసిపోతుంది. అందుకే విరామంలో వాళ్లు చప్పుడు లేకుండా లోపలికి వెచ్చటి గాలి ఊదుతూ ఉంటారు. ఆ వ్యవధి ఇవ్వండి. మారిన వెంటనే సోలో ఇవ్వకండి, నలుగురితో కలిపి ఓ మోస్తరు శబ్దంతో మొదలుపెట్టించండి.

ఎంవీపీ మురళి: ఫ్లూట్ వాయించేదాన్ని, ఒక మాట చెబుతాను. పికోలో పై స్వరాలకు బిగించిన పెదవులు ఫ్లూట్ అన్నిటికన్నా కింది స్వరం సి దగ్గర మెత్తగా పలకమంటే వెంటనే సడలవు. మధ్యలో నాలుగు తేలికపాటి స్వరాలు పడేయండి. పైగా ఆ కింది సి చాలా పికోలోల్లో ఉండదు, డి దగ్గరే ఆగిపోతాయి. మొదటి ఫ్లూట్ జోలికి మాత్రం పోకండి, సోలోలన్నీ ఆవిడవే కదా.

సాగర్‌నగర్ స్కోరు: బేస్ క్లారినెట్‌కి ఏ క్లెఫ్ (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు)?

పాత బ్యాండు మనిషి: ట్రెబుల్. బి-ఫ్లాట్ క్లారినెట్ వేళ్లే, అదే చదువు. వినిపించేది మాత్రం రాసినదానికి ఒక స్థాయి, ఆపైన ఇంకో స్వరం కింద.

గాజువాక గమకం: ఇన్ని జాగ్రత్తలు పడేకన్నా చెన్నై నుంచి ఇంకో ఇద్దర్ని పిలిపిస్తే గొడవ వదిలిపోదా?

సాగర్‌నగర్ స్కోరు: రైలు టికెట్లు, రూము, రిహార్సల్ రోజుల భత్యం మీరు ఇస్తారా గురువుగారూ?

ఎంవీపీ మురళి: టికెట్ల డబ్బు మిగిలిందని ఉన్నవాళ్లకి పాత రేటే ఇస్తామంటే కుదరదండీ. అమెరికాలో సంగీతకారుల యూనియన్ ఒప్పందాల్లో రెండో వాయిద్యానికి అదనపు చెల్లింపు ఉంటుంది. ఇక్కడ "రెండూ మీకు వచ్చు కదా" అని సరిపెడతారు. వాయిద్యం కొన్నది, ప్యాడ్లు మార్పించుకునేది, సాధన చేసేది మేమే. ముందు ఆ లెక్క మీ కండక్టర్ గారితో తేల్చుకుని రండి.