అప్‌డేట్: చదరంగం గళ్ల వడ్లగింజల లెక్క తేలింది, పందెం పోయింది

పోయిన వారం అడిగాను కదా, చదరంగం మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో దాంట్లో రెండు, ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపితే వచ్చే మొత్తం ప్రధాన సంఖ్యేనా (అంటే ఒకటితో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిదేనా) అని. అవునని మా మేనల్లుడితో పందెం కూడా కాశాను. ఓడిపోయాను.

సంఖ్య ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615. చివర 5 ఉందండీ, ఐదుతో పోతుంది! ఫోన్ క్యాలిక్యులేటర్ చివరి అంకెలు మింగేసింది, నేను చూసుకోలేదు. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి మూడుతోనూ పోతుంది.

ఆ మొత్తం అంటే 2⁶⁴ − 1. పోయిన వారం మీలో కొందరు జవాబులో చెప్పినట్టే దాన్ని (2³² + 1)(2³² − 1) అని విడగొట్టాను. రెండోదాన్ని అలాగే విడగొడుతూ పోతే 3, 5, 17, 257, 65537 వరసగా రాలాయి. మిగిలిన 2³² + 1, అంటే 4294967297 దగ్గర ఇరుక్కుపోయాను. అది ప్రధాన సంఖ్యేనని గణితంలో పేరుమోసిన ఫెర్మా అంతటివాడే అనుకున్నాడట. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త అది 641 × 6700417 అని పట్టేశాడు. కాగితం మీద గుణించి చూశా, ఒక్క అంకె తేడా లేదు. ఆ రాత్రి అన్నం చల్లారిపోయింది.

కోనసీమ వాళ్లం, బస్తాల్లో చెప్పకపోతే మాకు ఎక్కదు. కళ్లంలో స్వర్ణ రకం వడ్లగింజలు వెయ్యి ఏరి కంసాలి త్రాసులో వేయిస్తే 20 గ్రాములకు అటూ ఇటూ తూగాయి. 75 కిలోల బస్తాకి 37 లక్షల పైచిలుకు గింజలు. మొత్తం దాదాపు 5 లక్షల కోట్ల బస్తాలు!

పందెం ఒక డబ్బా ఆత్రేయపురం పూతరేకులు. వాడికి బెల్లంవే కావాలట.