"చండాలంగా ఉంది" అనే మాట ఇక మానేద్దామా?

గోదారి గట్టు:
మా కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఏదో సినిమా గురించి "సెకండాఫ్ చండాలంగా ఉంది" అని రాశాడు. ఇంకొకాయన "ఆ మాట వద్దు, అది కులం పేరు" అన్నాడు. అంతే, రాత్రంతా గొడవ, పొద్దున్నకి ఇద్దరు గ్రూపు వదిలేసి వెళ్లిపోయారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా, మానేయాలి. మనుస్మృతి పదో అధ్యాయం చూడండి. చండాలులు ఊరి బయట ఉండాలట, శవాల మీది బట్టలు కట్టుకోవాలట, పగిలిన పాత్రల్లో తినాలట. అలాంటి బతుకు వాళ్ల నెత్తిన రుద్దిందీ మనవాళ్లే, తర్వాత వాళ్ల పేరునే రోతకి మారుపేరు చేసిందీ మనవాళ్లే. ఉప్పెక్కువైన కూరకీ, గుంతలు పడ్డ రోడ్డుకీ ఆ పేరెందుకు? ఘోరంగా ఉంది, దరిద్రంగా ఉంది అంటే సరిపోదా?

సీమబిడ్డ:
నేను ఒప్పుకోను గట్టు గారూ. మాట పుట్టుక వేరు, వాడుక వేరు. చండాలంగా ఉంది అన్నవాడి మనసులో కులం లేదు, విన్న వందమందిలో తొంభైమందికి అది కులం పేరని కూడా తెలియదు. పుట్టుక తవ్వుకుంటూ పోతే "వెధవ" కూడా విధవ నుంచి వచ్చిందే, మానేద్దామా? మీరు చెప్పిన "దరిద్రంగా" అంటే పేదరికం కాదా, పేదవాళ్లకి నొప్పి ఉండదా? కుంటిసాకు, గుడ్డి నమ్మకం, మూగనోము, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు... ఇవన్నీ తీసేస్తే మన నుడికారంలో ఏం మిగులుతుంది?

నా అసలు బాధ ఇంకొకటి. శ్మశానానికి దారి ఇవ్వనివాళ్లు, ఇల్లు అద్దెకి అడిగితే "మీరేవిట్లు" అని ఆరా తీసేవాళ్లు ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తున్నారు, వాళ్లకి సరైన మాటలన్నీ వచ్చు కూడా. ఏమీ తెలియక నోరుజారిన పల్లెటూరి మనిషి మాత్రం దోషి అయిపోతాడు. పేర్లు మార్చడం మనకి కొత్తా? పంచములు అన్నారు, ఆది ఆంధ్రులు అన్నారు, హరిజనులు అన్నారు, ఇప్పుడు దళితులు అంటున్నాం. ఊరి చివరి పేట ఊరి చివరే ఉంది.

పాలమూరు పిల్ల:
సీమబిడ్డ అన్నా, నేను వంశరాజ్‌ల అమ్మాయిని. మా కులానికి ప్రభుత్వ జాబితాలో "పిచ్చిగుంట్ల" అని ఉండేది, 1995లో అది తీసేసి వంశరాజ్ అని పెట్టారు. పాత పేరు మాకొద్దన్నది మా వాళ్లే, పట్నంలో కూర్చున్న మేధావులు కాదు. మా తాతల పనేమిటో తెలుసా? కాపుల ఇళ్లకీ, రెడ్ల ఇళ్లకీ వెళ్లి వాళ్ల గోత్రాలూ వంశాల కథలూ పాడి చెప్పడం. మీ తరాల పేర్లన్నీ నోటికి చెప్పినవాళ్ల పేరుని మీరు తిట్టు చేసుకున్నారు.

బళ్లో ఒకసారి ఒక పిల్ల మాసిన గౌనుతో, తల దువ్వుకోకుండా వచ్చింది. టీచరు "ఏంటే పిచ్చిగుంట్లదానిలా ఆ అవతారం" అన్నారు. ఆ పిల్లది మా కులం కాదు, పక్క బెంచీలో కూర్చున్న నాది. టీచరుకి నా మీద ఏ కోపమూ లేదు, నా కులమేమిటో ఆవిడకి తెలియదు కూడా. క్లాసంతా నవ్వింది. నవ్వకపోతే నా సంగతి తెలిసిపోతుందేమోనని నేనూ నవ్వాను. "ఉద్దేశం లేదు కదా" అనేవాళ్లందరికీ నా జవాబు ఇదే. సర్టిఫికెట్ మీద పేరు మారింది గానీ నోళ్లలో మారలేదు. దొమ్మరివాళ్లనీ, బుడబుక్కలవాళ్లనీ అడిగి చూడండి.

తెల్లకర్ర:
నాకు చూపు లేదు, ఫోను చదివి వినిపిస్తుంటే ఇక్కడ రాస్తున్నాను. గుడ్డి నమ్మకం అన్నా, గుడ్డికన్నా మెల్ల నయం అన్నా నాకేమీ అనిపించదు, నేనూ వాడతాను. "ఒరేయ్ గుడ్డోడా, పక్కకి జరుగు" అంటే మాత్రం కడుపు మండిపోతుంది, ఎందుకంటే నాకో పేరుంది. 2015 చివర్లో ప్రధాని మమ్మల్ని దివ్యాంగులు అనమన్నారు. నాలో దివ్యం ఏమీ లేదండీ, బస్సు నంబరు ఎవరైనా పైకి చెబితే చాలు.

ఇంకో మాట. 2024 జూలైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగుల్ని చూపించే తీరు మీద తీర్పిచ్చింది. వైకల్యాన్ని ఎగతాళి చేసే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థమయ్యేలా చెప్పే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. మన సినిమాల్లో నత్తివాడో చెవిటివాడో కనిపిస్తే అది మొదటి రకమే, నవ్వడానికే. ముందు ఆ రాతలు మారాలి, నాకు సామెతలతో పేచీ లేదు.

సీమబిడ్డ:
చెల్లీ, బళ్లో జరిగింది చదివి బాధేసింది, ఆ టీచరు మాటని నేను సమర్థించను. కానీ మాట మానేయడమే దారా? మందకృష్ణ గారు 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలుపెట్టి, పేరు చివర మాదిగ అని పెట్టుకున్నారు. ఆయన్ని చూసి ఎంతమంది పెట్టుకున్నారు! అప్పటిదాకా తిట్టుగా విన్న మాట గర్వంగా మారింది. ఆ మాటని దాచిపెట్టినందుకు కాదు, గట్టిగా పలికినందుకు మారింది.

పాలమూరు పిల్ల:
తన పేరు తను గర్వంగా చెప్పుకోవడం ఆ మనిషి హక్కు. మీకు నచ్చని సినిమాని తిట్టడానికి ఆ పేరు వాడుకునే హక్కు మీకెక్కడిది? ఈ రెండూ ఒకటెలా అవుతాయన్నా?

గోదారి గట్టు:
వెధవ, దరిద్రం సంగతేమిటని అడిగారు కాబట్టి చెబుతున్నా. పుట్టుక ఎక్కడిదని నేను చూడను. ఆ మాటని పేరుగా మోస్తున్న మనిషి ఇవాళ మన మధ్య ఉన్నాడా లేడా, అంతే. రెండు రాష్ట్రాల ఎస్సీ జాబితాల్లోనూ "చండాల" అనే పేరు ఇప్పటికీ ఉంది, అది పురాణాలతో పోయిన మాట కాదు. దరిద్రం ఎవరి పేరూ కాదు. వెధవ అంటే ఇప్పుడెవరికీ విధవ గుర్తురాదు, నిజమే. అదే ముండ, ముండమోపి అనే మాటలు భర్త పోయిన ఆడమనిషిని ఇవాళ్టికీ మొహం మీదే అంటున్నారు, అవి పోవాల్సిందే.

కేసులు పెట్టి మాన్పించమని నేను అనను. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది నలుగురిలో కులం పేరెత్తి మనిషిని దూషించేవాడి కోసం, కూర బాగోలేదన్నవాడి కోసం కాదు. ఇక పేర్లు మారితే పేట మారలేదన్నారు. 1917లో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో "పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం" అన్నది ఎవరు? బడుల కోసం, బావుల కోసం కొట్లాడినవాళ్లే. దారి కోసం పోరాడుతున్నాం కాబట్టి పేరు సంగతి తర్వాత చూద్దాం అని వాళ్లు అనుకోలేదు. మనం ఎందుకు అనుకోవాలి?

సీమబిడ్డ:
మీరు గీసిన గీత నాకు నచ్చింది, చండాలం వరకూ ఒప్పుకుంటున్నా. కానీ మీ లెక్కలోనే కుంటిసాకు ఎటు పోతుంది? కుంటోడు అని పిలిపించుకునే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు, మరి ఆ మాట కూడా వదిలేయాలా? తెల్లకర్ర గారూ, మీరేమంటారు?

తెల్లకర్ర:
దాని గురించి నేను చెప్పకూడదండీ, ఆ మాట పడేది నేను కాదు. కాలు సరిగా లేని మిత్రులెవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, మీకు ఎలా ఉంటుందో.