పారిశుద్ధ్య కార్మికుల జీతం 21,000 దాటితే ఈఎస్ఐ పోతుందా? బడ్జెట్‌లో దీన్ని ఎలా చూపాలి?

ప్రశ్న: ఒంగోలు పద్దులు

నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలోని ఒక పురపాలక సంఘంలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. వచ్చే ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ అంచనాలు తయారు చేస్తుండగా ఒక విషయం దగ్గర ఆగిపోయాను. మా అవుట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికులకు 15,000 వేతనం, 6,000 ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్సు కలిపి నెలకు 21,000 రూపాయలు అందుతున్నాయి. నేటి ధరలకు అది చాలదని, మరో వెయ్యి పెంచడానికి ప్రభుత్వ అనుమతి కోరుతూ తీర్మానం చేద్దామని కొందరు కౌన్సిలర్లు ప్రతిపాదిస్తున్నారు. ఊరు నిద్ర లేవకముందే మస్టరుకు వచ్చి నిలబడే మనుషులకు ఆ వెయ్యి దక్కాలనే నా కోరిక కూడా.

అయితే 21,000 దాటితే ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) వర్తించదని మా విభాగంలో ఒకరు అన్నారు. అదే నిజమైతే మనం మేలు చేస్తున్నామా, కీడు చేస్తున్నామా? రెండో చిక్కు డబ్బుది. ఆర్థిక సంఘం గ్రాంట్లను జీతాలకు వాడకూడదు కనుక, భారమంతా ఆస్తిపన్ను, నీటి పన్ను, షాపుల అద్దెలతో నడిచే సాధారణ నిధి మీదే పడుతుంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పెన్నా ఒడ్డు

నేను నెల్లూరులో పురపాలక లెక్కల్లోనే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. మీ సహోద్యోగి చెప్పింది నిజమే. 2017 జనవరి నుంచి ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 దగ్గరే ఉంది (దివ్యాంగులకు 25,000). సరిగ్గా 21,000 ఉన్నంత వరకు బీమా ఉంటుంది, ఒక్క రూపాయి దాటినా ఉండదు. ఓవర్‌టైం మీద చందా కడతాం గానీ పరిమితి లెక్కలోకి దాన్ని తీసుకోరు. అలవెన్సు సంగతి మాత్రం వేరు. ప్రతి నెలా నగదుగా ఇచ్చే అలవెన్సు మామూలుగా వేతనంలోకే వస్తుంది, ఉద్యోగ స్వభావం వల్ల అయ్యే ప్రత్యేక ఖర్చుల కోసం ఇచ్చేదైతే రాదు. అందుచేత మీ చలానాల్లో ఇప్పుడు చందా 15,000 మీద పడుతోందో, 21,000 మీద పడుతోందో ముందు చూడండి. ఆ 6,000ను ఎలా పరిగణించాలో ఈఎస్ఐ కార్యాలయం నుంచి లిఖితపూర్వకంగా తెప్పించుకుని ఫైలులో పెట్టండి. మిగతా లెక్కంతా దాని మీదే నిలుస్తుంది.

చందా 21,000 మీద కడుతున్నారనే అనుకుందాం. 2019 జులై నుంచి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. అంటే సంస్థ నెలకు 682.50 రూపాయలు, కార్మికుడు 157.50 రూపాయలు కడుతున్నారు. జీతం 22,000 చేస్తే, అప్పటికి నడుస్తున్న ఆరు నెలల చందా కాలం ముగిశాక ఈ రెండూ ఆగిపోతాయి. పీఎఫ్ 15,000 మీదే లెక్కగడుతుంటే అందులో మార్పు రాదు. కాబట్టి వెయ్యి పెంచిన సంస్థకు నికరంగా పెరిగే ఖర్చు నెలకు 317.50 మాత్రమే. బడ్జెట్ పుస్తకంలో ఇది ఎంతో ముచ్చటగా కనిపిస్తుంది, అందుకే నాకు దీన్ని చూస్తే భయం. మిగిలిన ఆ 682.50 ఎక్కడి నుంచి వచ్చింది? కార్మికుడి వైద్యం నుంచి వచ్చింది. వంద మంది ఉన్నచోట ఏడాదికి 8,19,000 రూపాయల ఆరోగ్య రక్షణ చడీచప్పుడు లేకుండా జీతాల పద్దులోకి మారిపోయినట్టు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. ప్రభుత్వం అనుమతించి పెంపు జరిగితే, ఆదా అయిన ఆ మొత్తాన్ని, అంటే మనిషికి ఏడాదికి 8,190 రూపాయలను, సాధారణ నిధిలో కలిసిపోనివ్వకుండా కార్మికుల ఆరోగ్యానికి విడి పద్దుగా చూపాలి. గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీ తీసుకున్నా, మరో రూపంలో ఖర్చు పెట్టినా అది అందులోంచే జరగాలి. ఆ పద్దు లేకుండా వచ్చే తీర్మానాన్ని వెనక్కి పంపడమే మంచిది.

జవాబు 2: కావలి నుంచి ఒక కార్మికురాలి కూతురు

పై జవాబు ఇచ్చిన పెద్దాయనకు నమస్కారం. మా అమ్మ చీపురు పట్టిన మనిషి కాబట్టి ఒక మాట చేర్చాలనిపించింది. ఈఎస్ఐ పోయినా ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అని కౌన్సిల్‌లో ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. ఏటా 5 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ఆ పథకం వర్తిస్తుంది, నిజమే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. మా ఇళ్లలో రోజూ కనిపించేవి నడుంనొప్పి, ఆయాసం, గాజు పెంకు గుచ్చుకుని చీము పట్టిన వేలు. వీటికి కావలసింది ఓపీ వైద్యం, మందులు, అన్నిటికంటే ముఖ్యంగా పనికి వెళ్లలేని రోజుల కూలి. ఈఎస్ఐలో అర్హత ఉంటే జబ్బు రోజులకు సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు, పనిలో గాయపడి తాత్కాలికంగా పని చేయలేకపోతే 90 శాతం ఇస్తారు. మామూలు గ్రూప్ పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుందే తప్ప పోయిన కూలి ఇవ్వదు. మా అమ్మ జ్వరంతోనే చీపురు పట్టుకుని వెళ్లిన రోజులు నాకు తెలుసు, ఆ కూలి భయంతోనే వెళ్లేది.

ఖర్చు తగ్గించాలంటే ముందు ఈ గాయాలు, జబ్బులు రాకుండా చూడటంతో మొదలు పెట్టాలి. చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు, రెయిన్‌కోట్లు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. వాటిని ఏడాదికోసారి ఫొటో దిగేందుకు పంచడం కాదు, చిరిగిన వెంటనే మార్చేలా స్టోర్స్‌లో నిల్వ ఉంచాలి. తడి, పొడి చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయిస్తే ఆ గాజు పెంకు అసలు వేలిదాకా రాదు. మే నెలలో ఒంగోలు, నెల్లూరు ఎండలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. అప్పుడు పని వేళలు ముందుకు జరపడానికి పైసా కూడా ఖర్చు కాదు.

జవాబు 3: మాగుంట లేఅవుట్ వాసి

పన్ను కట్టేవాడిగా రెండు మాటలు. ఆస్తిపన్ను ఇప్పుడు మూలధన విలువ (భూమి, భవనం విలువ) ప్రకారం వేస్తున్నారు, ఏటా పెరుగుదలకు 15 శాతం పరిమితి ఉంది. కనుక రేటు పెంచి ఈ డబ్బు తేవాలనుకోవడం కంటే బకాయిల మీద దృష్టి పెట్టడం న్యాయం. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తున్నప్పుడు, ఏళ్ల తరబడి కట్టని వాణిజ్య భవనాల జాబితాను వార్డుల వారీగా కౌన్సిల్ ముందు పెట్టడానికి సంకోచం దేనికి? నా వీధి ఊడ్చే మనిషి వైద్యానికి నా పన్ను వెళ్తుందంటే నాకు సంతోషమే.

ఒంగోలు పద్దులు

అందరికీ కృతజ్ఞతలు. కౌన్సిల్ నోట్‌లో పెంపు వల్ల పెరిగే ఖర్చును, ఆగిపోయే ఈఎస్ఐ వాటాను పక్కపక్కనే చూపించి, ఆరోగ్యానికి విడి పద్దు ప్రతిపాదిస్తాను. ఇంకొక్క సందేహం: అనుమతి వస్తే పెంపును ఏ తేదీ నుంచి కోరడం మంచిది?

పెన్నా ఒడ్డు

ఏప్రిల్ 1 నుంచి మాత్రం అడగకండి. ఈఎస్ఐ చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదలైన రోజునే జీతం పరిమితి దాటితే కార్మికుడు ఆ రోజు నుంచే బయటికి పోతాడు. అదే మే 1 నుంచి పెరిగితే సెప్టెంబరు 30 దాకా బీమాలోనే కొనసాగుతాడు, చందా కూడా కొత్త జీతం మీద కట్టాల్సి ఉంటుంది. ఆ అయిదు నెలల్లో పాలసీ టెండరు పూర్తి చేయండి. జబ్బు రోజుల కూలికి ఆ విడి పద్దులోంచే చెల్లించే పద్ధతిని కూడా కౌన్సిల్ చేత ఖరారు చేయించండి.