క్రోకే: ఆట పేరా, దెబ్బ పేరా?

తెనాలి_మాస్టారు:
అందరికీ నమస్కారం. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. మూడు నెలలుగా ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇంటి వెనక పచ్చికలో రోజూ పొద్దున పెద్దవాళ్ళు నలుగురు, పొడుగు పిడి ఉన్న కొయ్య సుత్తులతో బంతుల్ని ఇనప కమానుల్లోంచి దాటిస్తుంటారు. ఆట పేరు క్రోకే. నిన్న ఒకావిడ తన బంతిని ఇంకో బంతికి ఆనించిపెట్టి ఒక్క దెబ్బ వేసింది. రెండూ చెరో వైపుకీ పోయాయి. ‘ఇదే క్రోకే’ అంది. ఆటకీ ఆ దెబ్బకీ ఒకే పేరేమిటి? అసలా మాటకి అర్థమేమిటి? మూలం తెలియకపోతే నాకు అన్నం సయించదు.

పచ్చికబయలు:
మాస్టారూ, ఆరేళ్ళుగా ఇక్కడి క్లబ్బులో ఆడుతున్నాను. మన బంతి వెళ్ళి ఇంకో బంతికి తగిలితే దాన్ని రోకే అంటారు. తగిలిందా, ఇంకో రెండు దెబ్బలు మనవే. మొదటిది మీరు చూసిన క్రోకే. ఆట ప్రాణమంతా అందులోనే ఉంది. రెండు బంతుల్నీ ఒకే దెబ్బతో అనుకున్న చోటికి పంపడం నాకు రెండేళ్ళకి గానీ పట్టుబడలేదు. కమాను సందు బంతికన్నా అంగుళంలో ఎనిమిదో వంతే ఎక్కువ మరి! రోకే అన్నది క్రోకేలో మొదటి అక్షరం తీసేసి చేసుకున్న మాట. ఆ పై సంగతి నాకు తెలీదండీ.

ఊలుబంతి:
మాస్టారుగారూ, నేను క్రోషే, అంటే కొక్కెం ఉన్న సూదితో ఊలు అల్లికలు, అల్లుతాను, కొంచెం ఫ్రెంచి చదువుకున్నాను. క్రోషే, క్రోకే ఒకే మాట! రెండింటికీ మూలం ‘క్రోక్’, అంటే కొక్కెం. పారిస్ వైపు ‘ష’ పలికే చోట ఉత్తర ఫ్రాన్సు మాండలికంలో ‘క’ నిలిచిపోయింది. వాళ్ళ క్రోకే అంటే చివర వంకీ తిరిగిన కర్ర, గొర్రెల కాపరి చేతికర్ర లాంటిది. మన ఆఫీసుల్లో రోజూ వినే ఎన్‌క్రోచ్‌మెంట్ కూడా ఈ కొక్కెం పిల్లే. కొక్కెం వేసి లాక్కోవడం కదా.

తెనాలి_మాస్టారు:
అమ్మా, ఎంత మంచి మాట చెప్పావు! కన్నడంలో ‘కివి’ మనకి ‘చెవి’ అయినట్టే అన్నమాట. వంకీ కర్ర అంటే మా ఊరి కాపర్లు తుమ్మకొమ్మలు వంచే దోటి కళ్ళముందు కదిలింది. కానీ వీళ్ళ సుత్తికి వంకీ లేదే?

పచ్చికబయలు:
పేరు పాతది, పనిముట్టు మారింది మాస్టారూ. కర్ర పేరు ఆటకి వచ్చింది, ఆట పేరు ఆ దెబ్బకి. 1850లలో ఈ ఆట ఐర్లాండు నుంచి ఇంగ్లండుకి వచ్చింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఆడుకోగలగడంతో త్వరగా పాకింది. వింబుల్డన్ క్లబ్బు 1868లో పుట్టింది క్రోకే కోసమే, టెన్నిస్ తర్వాత వచ్చి చేరింది. ఇప్పటికీ క్లబ్బు పేరులో క్రోకే ఉంది. రేపు ఆవిణ్ణి అడిగి ఒక్క దెబ్బ వేసి చూడండి.

తెనాలి_మాస్టారు:
అడుగుతాను నాయనా. ముందు దోటి సంగతి ఆవిడకి చెప్పాలి.